సుత్తి, వైసు, ప్రెస్: ఇబ్రహీంపట్నం దారిలో యూనివర్సల్ జాయింటు మరమ్మతు పనిముట్ల చరిత్ర

వ్యాససంగ్రహం

దారిలేని నేలపై నడిచే వాహనాలలో ఇంజను శక్తిని చక్రాలకు చేరవేసే యూనివర్సల్ జాయింటును మార్చడానికి సుత్తి వాడాలా, వైసు వాడాలా, ప్రెస్ వాడాలా అన్నది మెకానిక్ అలవాటుకు సంబంధించిన చిన్న విషయంగా కనిపిస్తుంది. ఆ ఎంపిక వెనుక కీలు నిర్మాణంలో వచ్చిన మార్పులు, రెండవ ప్రపంచయుద్ధం, హైదరాబాదు రాజ్యంలో మోటారు రవాణా విస్తరణ, గ్రామీణ కమ్మరి పరిజ్ఞానం ఉన్నాయి. రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం నేపథ్యంలో ఈ వ్యాసం ఆ చరిత్రను పరిశీలిస్తుంది. సుత్తి ప్రయోగాన్ని అజ్ఞానంగా కొట్టివేయడం చారిత్రకంగా సరికాదనీ, దాని హద్దులను గుర్తించకపోవడం మాత్రం ప్రమాదకరమనీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: యూనివర్సల్ జాయింటు, క్రాస్, జీపు, ట్రాక్టరు, కమ్మరం, వృత్తి పదజాలం, ఇబ్రహీంపట్నం.

1. ప్రవేశిక

హైదరాబాదు నుండి నాగార్జునసాగర్‌కు పోయే రహదారిపై, నగరానికి ఆగ్నేయంగా సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఇబ్రహీంపట్నం ఉంది. 1550 నుండి 1580 వరకు గోలకొండను పాలించిన ఇబ్రహీం కుతుబ్‌షా కాలానికి చెందినది ఇక్కడి పెద్దచెరువు. 1978లో హైదరాబాదు జిల్లా నుండి విడివడి ఏర్పడిన రంగారెడ్డి జిల్లాలో ఈ ప్రాంతం చేరింది. చెరువు కింద వరిమడులు, ఎగువన ఎర్రచెల్కలు, వాటి చుట్టూ గ్రానైటు గుట్టలు ఇక్కడి నేల స్వభావం.

ఈ మూడు రకాల నేలలపై మూడు రకాల వాహనాలు పనిచేస్తాయి. వరిమడిలో కరిగెట దున్నే ట్రాక్టరు మోకాలిలోతు బురదలో తిరుగుతుంది. రాతిక్వారీలో టిప్పరు ఎగుడుదిగుడు బాటపై బరువు మోస్తుంది. గుట్టదారులలో జీపు, దాని తరువాతి తరపు నాలుగుచక్రాల చోదక వాహనాలు నడుస్తాయి. మూడింటికీ ఉమ్మడి అవయవం ఒకటుంది. తిరిగే ఇరుసును వంపులోనూ తిరగనిచ్చే ఆ కీలును పాఠ్యపుస్తకాలు యూనివర్సల్ జాయింటు అంటాయి. మరమ్మతు దుకాణాలలో దానిని, ముఖ్యంగా దాని నడిమి భాగాన్ని, క్రాస్ అంటారు.

ఇబ్రహీంపట్నం పరిసరాలలోని మంగళ్‌పల్లి, శేరిగూడ, ఖానాపూర్ గ్రామాలలో ఇంజనీరింగు కళాశాలలు అనేకం వెలిశాయి. మెకానికల్ ఇంజనీరింగు విద్యార్థి ఈ కీలును సమీకరణంగా నేర్చుకుంటాడు. దానిని పంగలోనుండి ఊడదీయడమెలాగో మెకానిక్ చేతితో నేర్చుకుంటాడు. ఒకే అవయవాన్ని గురించిన ఈ రెండు జ్ఞానాలు ఒకే రహదారి పక్కన ఉంటున్నా, మొదటిదానికి ఉన్న గ్రంథస్థత రెండవదానికి లేదు. ఈ అంతరం ఎలా ఏర్పడిందో తెలుసుకోవడానికి పనిముట్ల చరిత్ర ఒక మార్గం.

2. కీలు పుట్టుక, దాని తర్కం

ఐరోపా సంప్రదాయంలో ఈ కీలుకు ఇద్దరి పేర్లు అంటుకున్నాయి. ఇటలీకి చెందిన గిరోలామో కార్డానో (1501–1576) పేరుమీదుగా కార్డన్ అన్న మాట వచ్చింది. ఒకదానిలో ఒకటి అమరిన వలయాల మధ్య వస్తువును నిలకడగా వేలాడదీసే ఏర్పాటును ఆయన వర్ణించాడు. ఆ ఏర్పాటు ఆయనకంటె చాలా ప్రాచీనమైనది. తిరిగే కదలికను వంపు గుండా పంపే కీలును ఇంగ్లండుకు చెందిన రాబర్ట్ హుక్ 1676లో సూర్యుని పరిశీలించే పరికరాల గురించిన తన రచనలో వివరించాడు. ఫ్రెంచి గణితజ్ఞుడు పోన్స్‌లె 19వ శతాబ్ది తొలిపాదంలో దీని చలనాన్ని గోళీయ త్రికోణమితితో విశ్లేషించాడు.

ఆ విశ్లేషణ తేల్చిన విషయం మరమ్మతుకూ ముఖ్యమైనది. వంపులో ఉన్న ఒకే కీలు ద్వారా తిప్పితే, ఇచ్చే ఇరుసు సమవేగంతో తిరుగుతున్నా పుచ్చుకునే ఇరుసు ప్రతి చుట్టులోనూ రెండుమార్లు వేగం పుంజుకొని రెండుమార్లు మందగిస్తుంది. వంపు 10 డిగ్రీలైతే ఈ హెచ్చుతగ్గు 1.5 శాతం మాత్రమే. 30 డిగ్రీలైతే వేగం ఒక దశలో 13 శాతానికి పైగా తగ్గి, మరొక దశలో 15 శాతానికి పైగా పెరుగుతుంది. ఇరుసుకు రెండు కొనలలో రెండు కీళ్లు పెట్టి, వాటి వంపులు సమానంగా, పంగలు ఒకే వరుసలో ఉండేట్లు చూస్తే ఒకటి చేసిన దోషాన్ని మరొకటి సరిచేస్తుంది. కాబట్టి ఇరుసును విప్పేముందు పంగల వరుసను సుద్దతో గుర్తుపెట్టుకోవడం మెకానిక్ పాటించవలసిన మొదటి నియమం. సుద్దముక్క ఇక్కడ మొదటి పనిముట్టు.

మోటారు వాహనాలకు ఈ కీలును అలవాటు చేసిన వ్యక్తి అమెరికాకు చెందిన క్లారెన్స్ స్పైసర్. కార్నెల్ విశ్వవిద్యాలయంలో చదువుతూ, గొలుసులతో చక్రాలను తిప్పే పద్ధతికి బదులుగా ఆయన రూపొందించిన కీలు ఏర్పాటుకు 1903లో పేటెంటు లభించింది. 1930ల నాటికి కీలు భుజాల చుట్టూ సూదుల వంటి సన్నని ఉక్కు రోలర్లు అమర్చిన బేరింగులు స్థిరపడ్డాయి. ఈ మార్పే నేటి పనిముట్ల ప్రశ్నకు మూలం. నాలుగు భుజాల క్రాస్, ప్రతి భుజానికీ తొడిగిన సూదిబేరింగు కప్పు, ఆ కప్పు బిగువుగా దిగే పంగచెవి, కప్పు జారకుండా గాడిలో కూర్చునే సర్‌క్లిప్పు: అమరిక ఇది. కప్పు పంగచెవిలో బోల్టుతో బిగిసి ఉండదు; రంధ్రపు బిగువుతో నిలుస్తుంది. దానిని బలప్రయోగంతోనే తీయాలి, బలప్రయోగంతోనే ఎక్కించాలి. ఆ బలం దెబ్బగా రావాలా, నొక్కుగా రావాలా అన్నదే పనిముట్టు ఎంపిక.

3. బస్సు, యుద్ధం, జీపు

హైదరాబాదు రాజ్యంలో నిజాం రాష్ట్ర రైల్వేకు అనుబంధంగా రోడ్డు రవాణా విభాగం 1932లో 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో మొదలైంది. ప్రభుత్వ బస్సులతోపాటే డిపో అనే క్రమబద్ధమైన మరమ్మతు స్థలం అవసరమైంది. యుద్ధకాలంలో, 1942లో ఆల్విన్ మెటల్ వర్క్స్, 1943లో ప్రాగా టూల్స్ హైదరాబాదు పారిశ్రామిక పటంపైకి వచ్చాయి. యంత్రపరికరాలను తయారుచేసే ప్రాగా వంటి సంస్థ రాకతో కొలతకు కట్టుబడి లోహాన్ని చెక్కే నైపుణ్యానికి నగరంలో చోటు దొరికింది.

దారిలేని నేలకు తగిన చిన్న వాహనం మాత్రం యుద్ధం నుండి వచ్చింది. 1941–1945 మధ్య విల్లీస్, ఫోర్డ్ సంస్థలు కలిసి 6 లక్షలకు పైగా సైనిక జీపులను తయారుచేశాయి. యుద్ధానంతరం మిగిలిపోయిన సైనిక వాహనాలు భారతదేశంలో పౌరుల చేతికి చేరాయి. 1947లో మహీంద్రా సంస్థ విల్లీస్ జీపుల కూర్పును ఈ దేశంలో ప్రారంభించింది. తరువాతి దశాబ్దాలలో నీటిపారుదల, అటవీ, రెవెన్యూ శాఖల పనులతో జీపు పేరు విడదీయరానిదైంది. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ ప్రాజెక్టుకు హైదరాబాదు నుండి పోయే దారి ఇబ్రహీంపట్నం మీదుగానే సాగడం ఈ ప్రాంతపు మోటారు చరిత్రలో గమనించదగిన విషయం.

విల్లీస్ జీపు సేవాపుస్తకాలు క్రాస్ మార్చే విధానాన్ని వివరిస్తూ చెప్పిన పనిముట్లు మూడు: సర్‌క్లిప్పు కొనలను కలిపి నొక్కే ప్లయరు, మెత్తని లోహపు గుండ్రని దిమ్మ, సుత్తి. దిమ్మ మొగం చదునుగా ఉండాలి; దాని వ్యాసం పంగ రంధ్రం కంటె అంగుళంలో 32వ వంతు తక్కువగా ఉండాలి. సర్‌క్లిప్పు రాకపోతే కప్పుపై మెల్లగా తట్టి ఒత్తిడి సడలించాలి. తరువాత ఒకవైపు కప్పుపై తేలికగా కొడుతూ ఎదుటి కప్పును బయటకు నెట్టాలి. అందులో ప్రెస్ ప్రస్తావన లేదు. యుద్ధక్షేత్రంలో వాహనం ఆగినచోటే మరమ్మతు జరగాలి. అక్కడికి మోసుకుపోగలిగినదే పనిముట్టు.

ఈ ఆధారం ఒక వాడుక అభిప్రాయాన్ని సవరిస్తుంది. పల్లె మెకానిక్ క్రాస్‌ను సుత్తితో మార్చడం శిక్షణలేమికి గుర్తని ఆధునిక వర్క్‌షాపుల దృష్టితో చూసేవారికి తోస్తుంది. కాని ఆ పద్ధతి తయారీదారు అధికారికంగా సూచించినది. మారింది పద్ధతి కాదు, దాని వివరాలు. మెత్తని లోహపు దిమ్మ స్థానంలో చేతికందిన బోల్టు వచ్చింది. తేలికగా తట్టాలన్న హెచ్చరిక స్థానంలో గట్టి దెబ్బ వచ్చింది. పుస్తకం చేతినుండి జారిపోయినప్పుడు పద్ధతి మిగిలి, జాగ్రత్త జారిపోయింది. ఆ పుస్తకం ఎన్నడూ తెలుగులో లేకపోవడం ఇందుకొక కారణం.

4. బండిచక్రం నేర్పిన పాఠం

మోటారు రాకముందే తెలంగాణ గ్రామాలలో బిగువు అమరిక తెలియనిది కాదు. ఎద్దుబండి చక్రానికి ఇనుపపట్టా ఎక్కించే పని అందుకు నిదర్శనం. పట్టాను చక్రం చుట్టుకొలత కంటె కొద్దిగా చిన్నదిగా చేసి, నిప్పుల్లో ఎర్రగా కాల్చి, సాగిన స్థితిలో చక్రానికి తొడిగి, వెంటనే నీళ్లు పోస్తారు. చల్లారిన ఇనుము కుంచించుకొని కొయ్యను బిగబట్టుకుంటుంది. మేకులకంటె ఈ బిగువే చక్రాన్ని కాపాడుతుంది. వడ్రంగి, కమ్మరి కలిసి చేసే ఈ పనిలో కొలత, వేడి, వేగం మూడూ సరిపడాలి.

కొలిమి, తిత్తి, దాగలి, సమ్మెట, పట్టుకారులతో పనిచేసిన ఈ పరంపరకు ట్రాక్టరు, లారీ మరమ్మతు కొత్త రంగం. పాత జ్ఞానం కొంత పనికివచ్చింది, కొంత అడ్డువచ్చింది. లోహం బిగువును అర్థం చేసుకోవడం పనికివచ్చింది. పట్టుకొన్న ఇనుమును వేడితో వదిలించాలన్న అలవాటు మాత్రం ఇక్కడ ప్రమాదకరం. బండిచక్రపు పట్టా ఒకే లోహపు ముక్క. పంగచెవిని గ్యాసుమంటతో కాల్చితే కప్పులోని గ్రీజు, మట్టిని ఆపే రబ్బరు సీలు మాడిపోతాయి. హెచ్చువేడికి ఉక్కు గట్టితనమూ మారవచ్చు. క్రాస్‌ను ఎలాగూ పారవేస్తున్నామని అనుకున్నా, పంగ మిగిలి ఉండవలసిన భాగం.

ఈ పోలిక నుండి పనిముట్ల ఎంపికకంతటికీ వర్తించే సూత్రం ఒకటి తేలుతుంది. మరమ్మతులో దెబ్బ తగలవలసివస్తే అది పారవేసే భాగానికే తగలాలి. క్రాస్ మార్చదగినది, పంగచెవి వంగితే ఇరుసునే మార్చవలసివస్తుంది. అందువల్ల తుప్పుపట్టి ఎంతకీ కదలని క్రాస్‌ను అనుభవజ్ఞులు గ్రైండరుతో నడుమ కోసి, ముక్కలుగా విడదీసి, కప్పులను లోపలికి తడతారు. చూడటానికి మొరటుగా ఉన్న ఈ పని నిజానికి పంగను కాపాడే జాగ్రత్త.

5. పనిముట్ల ఎంపిక: నాలుగు దశలు

నేడు వాడుకలో ఉన్న పనిముట్లను బలం ప్రయోగించే తీరును బట్టి నాలుగుగా విభజించవచ్చు.

మొదటిది సుత్తి, దిమ్మ. ఖర్చు తక్కువ, ఎక్కడికైనా మోసుకుపోవచ్చు. దెబ్బ క్షణకాలపు అధికబలం కాబట్టి తుప్పు పట్టును విడదీయడంలో దీనికి సాటిలేదు. అయితే ఆధారం లేని పంగచెవిపై దెబ్బపడితే అది లోపలికి వంగుతుంది. చెవులు వంగితే ఎదురెదురు రంధ్రాలు ఒకే గీతలో ఉండవు. కొత్త క్రాస్ కూడా త్వరగా అరిగిపోతుంది. గట్టిపరచిన ఉక్కుపై గట్టి ఉక్కుతో కొడితే పెళ్లలు ఎగిరి కంటికి తగలవచ్చు. ఇత్తడి దిమ్మ, కంటి అద్దాలు ఇందుకే అవసరం.

రెండవది బెంచి వైసు, దానితోపాటు రెండు గుండ్రని సాకెట్లు. ఒకటి కప్పు కంటె చిన్నదై కప్పును నెడుతుంది. రెండవది కప్పు కంటె పెద్దదై, బయటికి వచ్చే కప్పుకు చోటిస్తూ పంగచెవికి ఆధారమిస్తుంది. సరైన సాకెట్లు లేనిచోట లేతుపై తీయించుకొన్న ఉక్కు గొట్టపుముక్కలు అదే పని చేస్తాయి. వైసు స్క్రూ బలాన్ని నెమ్మదిగా ఇస్తుంది. పిడిని తిప్పే చేతికి లోపలి ప్రతిఘటన తెలుస్తుంది. దవడల మధ్య ఎడమే దీని హద్దు. టిప్పరు, భారీ ట్రాక్టరు పంగలు ఇందులో పట్టవు.

మూడవది సి అక్షరాన్ని పోలిన చట్రంలో స్క్రూ అమర్చిన చేతిప్రెస్. దీని మేలు చోటుకు సంబంధించినది. ఇరుసును బల్ల దగ్గరకు తేవడానికి బదులు పనిముట్టునే ఇరుసు దగ్గరకు తీసుకుపోవచ్చు. గుట్టదారిలో ఆగిన వాహనం కింద పడుకొని పనిచేయవలసినవారికి వైసులోని నెమ్మది, సుత్తిలోని సంచారం రెండూ ఇందులో దొరుకుతాయి. చట్రం పోతపోసినదైతే భారానికి పగలవచ్చు. సాగగొట్టిన ఉక్కుతో చేసినది మేలు. కొనేటప్పుడు ధర కంటె ముందు చూడవలసినవి చట్రం లోహం, స్క్రూ మందం, తన వాహనపు కప్పు వ్యాసానికి సరిపడే తొడుగులు.

నాలుగవది హైడ్రాలిక్ ప్రెస్. జోసెఫ్ బ్రామా 1795లో పేటెంటు పొందిన సూత్రమే నేటికీ దీని ఆధారం. భారీ వాహనాల పంగలకు ఇది తగినది. క్రమం తప్పక పని ఉన్న వర్క్‌షాపులో దీని ఖర్చు తిరిగి వస్తుంది. దీని బలమే దీని లోపం కూడా. కొత్త కప్పు ఎక్కించేటప్పుడు ఒక సూది పక్కకు ఒరిగి కప్పు అడుగున అడ్డంగా పడితే, కప్పు పూర్తిగా దిగదు. సర్‌క్లిప్పు గాడి కనిపించదు. వైసు తిప్పేవాడు ఆ అడ్డును చేతితో గ్రహించి ఆగుతాడు. టన్నుల బలమున్న ప్రెస్‌కు ఒక సూది అడ్డు కాదు. సూది నలిగిపోతుంది, లేదా పంగ చిట్లుతుంది. సూదులను గ్రీజుతో నిలిపి ఉంచడం, భుజాన్ని కప్పులోకి ముందుగా దూర్చి ఉంచడం ఇందుకు విరుగుడు.

ప్రెస్‌తో ఎక్కించిన తరువాత కూడా క్రాస్ కొన్నిసార్లు బిగదీసినట్లు తిరుగుతుంది. అప్పుడు పంగచెవిని మెత్తని సుత్తితో ఒకమారు తడితే కప్పు సర్‌క్లిప్పుకు ఆనుకొని కుదురుకుంటుంది. క్రాస్ చేతివేలితో కదిలేంత తేలికవుతుంది. పరిణామక్రమంలో చివరిదనుకొన్న యంత్రం పనిని ముగించడానికి మొదటి పనిముట్టును పిలుస్తున్నది. కాబట్టి ఈ నాలుగింటిని ఒకదానిని మరొకటి తొలగించిన దశలుగా కాక, ఒకదాని పక్కన ఒకటి చేరిన దశలుగా చదవడం సమంజసం.

ఏ పనిముట్టు ఎంచుకున్నా మరువరాని విషయం ఒకటి పాత జీపుల నిర్మాణంలో ఉంది. వాటిలో చేతిబ్రేకు చక్రాలపై ఉండదు. ట్రాన్స్‌ఫర్ కేసు వెనుక, ఇరుసు మొదట్లో ఉంటుంది. వెనుక ఇరుసు విప్పగానే చేతిబ్రేకుకూ వెనుక చక్రాలకూ సంబంధం తెగిపోతుంది. గేరులో ఉంచినా వెనుక చక్రాలకు ఆపుదల ఉండదు. వాలులో నిలిపిన వాహనం కింద పనిచేసే మనిషి ప్రాణం అప్పుడు చక్రాల కింద పెట్టిన రాయిపై ఆధారపడుతుంది. పనిముట్ల జాబితాలో ఆ కొయ్యదిమ్మకో రాయికో మొదటి స్థానం ఇవ్వవలసి ఉంటుంది.

6. పదజాలం ఒక చారిత్రకాధారం

మరమ్మతు దుకాణపు భాష ఈ చరిత్రను పొరలుపొరలుగా భద్రపరచింది. సుత్తి, సమ్మెట, దాగలి కమ్మరి పొరకు చెందినవి. పానా హిందుస్తానీ నుండి వచ్చింది. మిస్త్రీ అన్న మాట పోర్చుగీసులో పుట్టి హిందుస్తానీ మీదుగా తెలుగును చేరింది. వైసు, జాకీ, క్రాస్, సర్‌క్లిప్పు ఆంగ్లపు పొర. ఒక క్రాస్ మార్చే పనిలో ఒక్క నోటినుండి ఈ మూడు పొరల మాటలూ వెలువడతాయి.

తెలంగాణలో ఉర్దూ పొర బలంగా ఉండటానికి సంస్థాగత కారణం కూడా ఉంది. 1917లో ఏర్పడిన అనువాద సంస్థ, 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉన్నతవిద్యను ఉర్దూలో అందించాయి. 1929లో ఇంజనీరింగు కళాశాల ఆరంభమైంది. ఒక భారతీయ భాషలో సాంకేతిక విద్య సాధ్యమని ఆ ప్రయత్నం చూపింది. ప్రజలలో అధికసంఖ్యాకుల భాషయిన తెలుగుకు ఆ అవకాశం అప్పుడు దక్కలేదు. 1968లో తెలుగు అకాడమి ఏర్పడేనాటికి మెకానిక్ పదజాలం అకాడమీలతో నిమిత్తం లేకుండా దుకాణాలలో స్థిరపడి ఉంది.

వృత్తిపదాలను క్షేత్రం నుండి సేకరించే పద్ధతికి తెలుగులో గట్టి పునాది ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయ పదాలను ప్రాంతాలవారీగా నమోదు చేసింది; చేనేత పదాల సంపుటం 1971లో వచ్చింది. నాగలి భాగాలను గుర్తించిన పద్ధతితోనే ట్రాక్టరు క్రాస్ భాగాలను గుర్తించవచ్చు. పదాన్ని నమోదు చేసేటప్పుడు దానితో ముడిపడిన జాగ్రత్తను కూడా నమోదు చేయడం ఈ వృత్తి విషయంలో అవసరం. దిమ్మ అన్న పదానికి అర్థంతోపాటు, అది మెత్తని లోహంతో, రంధ్రం కంటె కొద్దిగా చిన్నదిగా ఉండాలన్న నియమం కూడా చేరితేనే ఆ ఆరోపం పూర్తవుతుంది.

7. ఉపసంహారం

యూనివర్సల్ జాయింటు మార్పిడికి పనిముట్టును నిర్ణయించేవి నాలుగు అంశాలు: కప్పు బిగువు, పంగ పరిమాణం, వాహనం ఆగిన చోటు, మెకానిక్ చేతికందే సాధనం. వీటిలో మొదటి రెండూ ఇంజనీరింగు పాఠ్యాంశానికి చేరువైనవి. చివరి రెండూ చరిత్రకు, ఆర్థికస్థితికి సంబంధించినవి. నాలుగింటినీ కలిపి చూడనప్పుడు సుత్తి పట్టినవాడు అజ్ఞానిగానూ, ప్రెస్ ఉన్నవాడు నిపుణుడుగానూ కనిపిస్తారు. ఆధారాలు ఈ విభజనను సమర్థించవు.

ఇబ్రహీంపట్నం వంటి చోట ఈ రెండు జ్ఞానాలనూ కలపడానికి దూరం అడ్డు కాదు. వేగపు హెచ్చుతగ్గులను లెక్కకట్టే విద్యార్థి పంగల వరుసను సుద్దతో గుర్తించే కారణాన్ని మెకానిక్‌కు వివరించగలడు. అడ్డుపడిన సూదిని వైసు పిడిలో పసిగట్టే మెకానిక్, బలం ఎప్పుడు ఆపాలో విద్యార్థికి చూపగలడు. ఈ సంభాషణ తెలుగులో జరిగి, తెలుగులో నమోదైతే, విల్లీస్ సేవాపుస్తకం విషయంలో జారిపోయిన జాగ్రత్త తరువాతి తరం వాహనాల విషయంలోనైనా నిలుస్తుంది. వాహనం కింద పడుకొని పనిచేసే మనిషి కన్ను, చేయి, ప్రాణం ఆ నమోదుతో ముడిపడి ఉన్నందున దీనిని కేవలం భాషాసేవగా భావించడానికి వీలులేదు.